ఆడినవాడు చెబితే

యలక వేణుగోపాలరావు భారత జట్టుకు ఆడింది 16 వన్డేలు, చేసింది 218 పరుగులు. రికార్డులు తిరగేసేవాళ్లకు ఆ పేరు ఒక్క వరుసలో అయిపోతుంది. మా పద్మనాభం ఊరి పిల్లలు ఆయన బ్యాటింగ్ చూసినవాళ్లు కారు. ఆయన నీలం జెర్సీ వేసుకున్న రోజులకు వీళ్లింకా పుట్టనేలేదు. అయినా ఐపీఎల్ సీజన్లో టీవీ ముందు కూర్చున్న ఏ కుర్రాణ్ని అడిగినా తెలుగు కామెంటరీలో వినిపించిన ఆ గొంతు ఎవరిదో ఠక్కున చెప్పేస్తాడు. మన గాజువాక వేణు.

ఓసారి మ్యాచ్ చూస్తుంటే పక్కనున్న గుంటడు నన్ను అడిగాడు. "మాస్టారూ, ఆడిప్పుడు స్లో బాలే ఏస్తాడని ఈయనకి ముందే ఎలాగ తెలిసిపోతందండీ?"

మంచి ప్రశ్న. ఆ తర్వాతి ఓవర్లన్నీ వాడికి బౌలర్ మణికట్టునూ, మిడాఫ్ ఫీల్డర్ రెండడుగులు వెనక్కి జరగడాన్నీ చూపిస్తూ కూర్చున్నాను. అయినా చెప్పాల్సింది చాలా మిగిలిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యాను. పిల్లలకు క్రికెట్టూ వాలీబాలూ అన్నీ నేర్పాను గాని, నా సొంత ఆట కబడ్డీ. లెఫ్ట్ కార్నర్‌లో నిలబడేవాణ్ని. కూతకొచ్చినవాడు గీత దాటి లోపలికి రాగానే కార్నర్ వాడు చూడాల్సింది అతని ముఖం కాదు, చాచిన చెయ్యీ కాదు. నడుము, మోకాలు. కళ్లతో ఎవరైనా బొంకొచ్చు గాని మోకాలితో బొంకడం కష్టం. ఒంటి బరువు ఏ కాలి మీద ఉందో పసిగడితే రెండో కాలు ఎటు లేస్తుందో తెలిసిపోతుంది. ఆ అర క్షణంలో వంగి మడమ పట్టుకోవాలి. తొందరపడితే పాయింటు ఇచ్చినట్టే, ఆలస్యమైతే వాడు గీత దాటిపోయినట్టే. రైడర్ తను చేయాలనుకున్నది చేస్తాడు. పట్టేవాడు ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో కనిపెట్టి బతకాలి. ఏళ్ల తరబడి ఆ పని చేసినవాడి కన్నే వేరు. ఆట మానేసినా ఆ చూపు పోదు.

ఈ సంగతి నాకు బాగా అర్థమైంది మాత్రం ఇక్కడ కాదు, అమెరికాలో. మా మేనల్లుడి కుటుంబం హ్యూస్టన్‌లో ఉంటుంది. చలికాలం వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఆదివారం వస్తే చాలు, ఇంట్లో టీవీ అంతా అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడ పుట్టిన పిల్లలు "తాతయ్యా, చూడు చూడు" అంటూ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. మొదట్లో ఒకరి మీద ఒకరు పడిపోవడమే కనిపించింది. మెల్లగా లెక్క పట్టుబడింది. అటు 11 మంది, ఇటు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు దొరుకుతాయి. జరగలేకపోతే బంతి అవతలివాళ్ల చేతికి పోతుంది. దాడిని నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. బంతి అందుకుని, ఎవరికి విసరాలో వెతుక్కోవడానికి అతనికి రెండు మూడు సెకన్లకు మించి దొరకదు. ఆ లోపల అతని ముందున్న గోడలాంటి మనుషులను దాటుకుని వెళ్లి, బంతి విసరకముందే నేల మీద పడేస్తే దాన్ని సాక్ అంటారు. వరుసలో చివర నిలబడి ఆ పని మీదే ఉండేవాడు డిఫెన్సివ్ ఎండ్. అతను ఒక చెయ్యి నేలకు ఆనించి వంగి, ఎదుటివాడి పాదాల మీదే చూపు నిలిపిన తీరు చూశానో లేదో, నాకు నా కార్నర్ కనిపించింది. అప్పటి నుంచీ ఆ ఆటలో బంతిని చూడడం మానేసి అతన్నే చూశాను.

మ్యాచ్‌కు ముందు స్టూడియోలో మాట్లాడేవాళ్లలో ఒకాయన ముందు పళ్ల మధ్య సందుతో, పెద్ద నవ్వుతో కనిపించేవాడు. అతని పేరు మైఖేల్ స్ట్రాహన్. పుట్టింది ఆ హ్యూస్టన్‌లోనే, 1971లో. తండ్రి సైన్యంలో అధికారి కావడంతో పెరిగింది జర్మనీలోని మాన్‌హైమ్‌లో. హైస్కూల్ చివరి ఏడాదికి తండ్రి అతన్ని హ్యూస్టన్‌లో ఉన్న బాబాయి దగ్గరికి పంపించాడు. ఫుట్‌బాల్ ఆడి స్కాలర్‌షిప్ తెచ్చుకోవాలన్నది ఆలోచన. అలాగే టెక్సాస్ సదరన్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. పేరున్న పెద్ద ఫుట్‌బాల్ కాలేజీ కాదది. అయినా 1993లో న్యూయార్క్ జెయింట్స్ జట్టు రెండో రౌండ్లో అతన్ని తీసుకుంది. 15 సీజన్లు ఆ ఒక్క జట్టుకే ఆడాడు. మొత్తం 141.5 సాక్‌లు. ఆ అర ఏమిటని పిల్లల్ని అడిగాను. ఇద్దరు కలిసి పడగొడితే చెరో అర వేస్తారట. 2001 సీజన్లో 22.5 సాక్‌లు చేసి లీగ్ రికార్డు సృష్టించాడు. ఆఖరి సాక్ మీద మాత్రం అక్కడ ఈనాటికీ వాదన తెగలేదు. అవతలి క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్రే తనంతట తనే జారి పడ్డాడని కొందరంటారు. ఆ 22.5ను 2021లో టి.జె.వాట్ అందుకునేదాకా మరెవరూ చేరుకోలేకపోయారు.

2008 ఫిబ్రవరి 3న జరిగిన సూపర్ బౌల్ అతనికి చివరి ఆట. అప్పటిదాకా ఆ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌ను జెయింట్స్ 17-14తో ఓడించింది. అదే ఏడాది ఆట మానేసి ఫాక్స్ చానెల్ ఆదివారం కార్యక్రమంలో కూర్చున్నాడు. 2012లో ఫుట్‌బాల్‌తో ఏ సంబంధమూ లేని ఉదయపు కబుర్ల షోలోకి వెళ్లాడు, 2016లో 'గుడ్ మార్నింగ్ అమెరికా'లోకి. ఇంట్లో వంట చేసుకుంటూ టీవీ చూసే ఆడవాళ్లకు కూడా అతను బంధువైపోయాడు. 2014లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2021 డిసెంబర్‌లో బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో అంతరిక్షం అంచుదాకా వెళ్లి వచ్చాడు.

ఇంత పేరు అందరికీ రాదు. ఆ ఆటలో ఒంటి మీద పడే దెబ్బలకు చాలామంది కెరీర్ మూడు నాలుగేళ్లతో సరి. పాతికేళ్లు దాటగానే మాజీ ఆటగాడైపోయే కుర్రాడు ఆపైన ఏం చేయాలి? అందుకని ఆ లీగ్ 2007 నుంచి ఆటగాళ్లకు ప్రసార రంగంలో శిక్షణ శిబిరాలు పెడుతోంది. మైకు పట్టుకోవడం, కెమెరా ముందు కూర్చోవడం, రీప్లే నడుస్తుండగా పది సెకన్లలో విషయం చెప్పి ఆపడం, అన్నీ పాఠాలుగా నేర్పుతారు. నాకు బాగా నచ్చింది అదే. మాట అందరికీ పుట్టుకతో రాదు, నేర్పితే వస్తుందని వాళ్లు ముందే ఒప్పుకున్నారు.

మా ఊరికి ఈ ఆట-మైకు వ్యవహారంతో పాత చుట్టరికమే ఉంది. పద్మనాభం అనగానే అందరికీ అనంత పద్మనాభస్వామి కొండ, వెయ్యికి పైగా ఉన్న మెట్లు, కార్తీక అమావాస్యనాడు ఆ మెట్ల మీద వెలిగే దీపాలు గుర్తొస్తాయి. చరిత్ర చదివినవాళ్లకు మరొకటి గుర్తొస్తుంది. 1794 జూలై 10న ఇక్కడే విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తలపడి ప్రాణాలు విడిచాడు. కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ బాకీల దగ్గర మొదలైన తగాదా అది. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన సైన్యం ముందు పోరాటం గంటసేపు కూడా సాగలేదు. ఆ రాజుగారి ఇంట్లోనే, నూరేళ్లు దాటాక, 1905 డిసెంబర్ 28న పూసపాటి విజయానంద గజపతిరాజు పుట్టాడు. క్రికెట్ లోకం ఆయన్ను విజ్జీ అని పిలిచింది.

క్రికెట్ ఆడి ఆ తర్వాత రేడియో మైకు ముందు కూర్చున్న మన ప్రాంతపు తొలి పెద్దమనిషిగా నేను విజ్జీనే చెబుతాను. 1930-31లో సొంత డబ్బుతో జట్టు కట్టి ఇంగ్లండ్ దిగ్గజాలు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి భారత్, సిలోన్ అంతా ఆడించాడు. అది చిన్న పని కాదు. ఆ పేర్లను పత్రికల్లో తప్ప ఎరగని కుర్రాళ్లు వాళ్లతో కలిసి ఆడగలిగారు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు. కథ చెడింది అక్కడే. జట్టులో వర్గాలు మొదలయ్యాయి. అప్పటికి అద్భుతంగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను తొలి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. మూడు టెస్టుల్లో విజ్జీ బ్యాటు నుంచి వచ్చినవి 33 పరుగులు. అదే సిరీస్‌లో మాంచెస్టర్‌లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. ఆ జట్టులో ప్రతిభకు లోటు లేదు. దాన్ని నడిపేవాడికి ఆట తెలియలేదు.

తర్వాత ఆయన 1950లలో క్రికెట్ బోర్డు అధ్యక్షుడు, ఆపైన విశాఖపట్నం లోక్‌సభ సభ్యుడు, 1958లో పద్మభూషణ్. 1959లో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లినప్పుడు బీబీసీ రేడియోలో అతిథి వ్యాఖ్యాత. ఇక్కడా ఆయన కామెంటరీ చేసేవాడు. దాని మీద ఒక కథ ఇప్పటికీ తిరుగుతోంది. తాను ఎన్ని పులుల్ని వేటాడాడో విజ్జీ చెబుతుంటే, వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్ విని, మీ కామెంటరీ వస్తున్న రేడియో అడవిలో పెట్టి ఉంటారు, విసుగెత్తి అవే చచ్చి ఉంటాయి అన్నాడని చెప్పుకుంటారు.

అందరూ నవ్వే కథే గాని, నాకు దాన్ని వింటే బాధే. దక్షిణాదిన క్రికెట్ కోసం ఆయన పెట్టిన డబ్బు, శ్రమ నిజం. యూనివర్సిటీ జట్లు ఆడే విజ్జీ ట్రోఫీకి ఇవాళ్టికీ ఆయన పేరే ఉంది. కానీ కెప్టెన్సీ దక్కినట్టే మైకు కూడా హోదాను బట్టే దక్కింది. ఆఫ్ స్టంప్ బయట కదిలే బంతిని ఏళ్ల తరబడి వదిలేస్తూ, కొడుతూ, ఔటవుతూ గడపనివాడికి ఆ బంతి గురించి చెప్పడానికి ఎక్కువ ఉండదు. పైగా ఆ మాటలు ఇంగ్లిషువి. విజయనగరం కోట పక్కన బతికే జనానికి, మా పద్మనాభం రైతుకు అందులో ఒక్క ముక్క అందేది కాదు.

గాజువాకలో పుట్టి పెరిగిన కుర్రాడి చేతికి మైకు రావడానికి ఆ తర్వాత అరవై ఏళ్లు పట్టింది.

గాజువాక ఎలాంటి ఊరో విశాఖవాళ్లకు చెప్పక్కర్లేదు. స్టీల్ ప్లాంటు రాకముందు పల్లె. వచ్చాక షిఫ్టులు మారే వేళల్లో సైకిళ్లు, బస్సులు, లారీలతో కిటకిటలాడే టౌను. ఉదయం ఆరింటి షిఫ్టుకు తండ్రులు వెళ్తుంటే కొడుకులు బ్యాటు పట్టుకుని మైదానాలకు బయల్దేరే చోటు. 1982 ఫిబ్రవరి 26న పుట్టిన వేణు అక్కడి నుంచి వచ్చినవాడు. తమ్ముడు జ్ఞానేశ్వరరావు కూడా ఆంధ్ర జట్టుకు, ఐపీఎల్‌లో కొచ్చి టస్కర్స్‌కు ఆడాడు. వేణు 1998-99లో, ఇంకా పదహారేళ్ల వయసులోనే, ఆంధ్ర రంజీ జట్టులోకి వచ్చేశాడు. 2000 సంవత్సరం మొదట్లో శ్రీలంకలో అండర్-19 ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టులో ఉన్నాడు. మహ్మద్ కైఫ్ కెప్టెన్, యువరాజ్ సింగ్ హీరో. మన దేశానికి ఆ వయసు కప్పుల్లో అదే మొదటిది.

ఆయన ఆడిన వాటిల్లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే ఇన్నింగ్స్‌ను టీవీలో చూసినవాళ్లు దాదాపు లేరు. 2004లో ఇంగ్లండ్ 'ఎ' జట్టు దులీప్ ట్రోఫీలో అతిథిగా ఆడింది. గుర్గావ్‌లో సౌత్ జోన్‌తో మ్యాచ్. కెవిన్ పీటర్సన్ అనే కుర్రాడు ఇంగ్లండ్ తరఫున రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టాడు. సౌత్ జోన్ ముందు నాలుగో ఇన్నింగ్స్‌లో 501 పరుగుల లక్ష్యం. అలాంటి లక్ష్యం ముందుంటే ఎవరైనా డ్రా కోసమే చూస్తారు. మూడు రోజులు అందరి స్పైకులూ తొక్కిన పిచ్ మీద బంతి ఎక్కడ పడితే ఎటు తిరుగుతుందో తెలియదు. వేణు 228 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. సౌత్ జోన్ గెలిచింది. నాలుగో ఇన్నింగ్స్‌లో 500 దాటి గెలవడం ప్రపంచ ఫస్ట్ క్లాస్ క్రికెట్ చరిత్రలోనే చాలా అరుదు. దాన్ని చేసినవాడు మన గాజువాకవాడు.

అంతటి ఇన్నింగ్స్ తర్వాత కూడా పిలుపు వెంటనే రాలేదు. 2005 జూలై 30న దంబుల్లాలో శ్రీలంక మీద తొలి వన్డే. అదే మ్యాచ్‌లో సురేశ్ రైనాకూ తొలి ఆట. 2006 మేలో వెస్టిండీస్‌లో చివరిది. ఏడాది కూడా తిరగలేదు. ద్రవిడ్, యువరాజ్, కైఫ్, ధోనీ, రైనా ఉన్న మిడిలార్డర్ అది. అందులో వచ్చినవాడికి ఓ మ్యాచ్‌లో చివరి నాలుగు ఓవర్లు దొరుకుతాయి, ఓ మ్యాచ్‌లో బ్యాటింగే రాదు, మరో మ్యాచ్‌లో మూడు వికెట్లు టపటపా పడ్డాక వెళ్లి నిలబడాలి. కుదురుకునే లోపు జట్టు మారిపోతుంది. ఆ పదహారు మ్యాచ్‌ల మీద తీర్పు చెప్పేముందు ఈ లెక్క చూడాలి.

తర్వాత ఆయన ఆట మానలేదు. ఫస్ట్ క్లాస్‌లో ఏడు వేలకు పైగా పరుగులు చేశాడు, ఆంధ్రకే కాక వేరే రాష్ట్రాలకూ ఆడాడు. ఐపీఎల్‌లో డెక్కన్ చార్జర్స్, ఢిల్లీ డేర్‌డెవిల్స్, సన్‌రైజర్స్ జెర్సీలు వేసుకున్నాడు. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి కప్పు తెచ్చిన గిల్‌క్రిస్ట్ జట్టులో ఆయనా ఉన్నాడు. 2019 జూలైలో అన్ని రకాల క్రికెట్‌కూ సెలవు చెప్పాడు.

అప్పటికే తెలుగులో క్రికెట్ చెప్పేవాళ్ల అవసరం పెద్దదైంది. ఐపీఎల్‌ను ప్రాంతీయ భాషల్లో ఇవ్వడం స్టార్ సంస్థ 2018లో మొదలుపెట్టింది. ఆ ఏడాది డిసెంబర్‌లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానెలే వచ్చింది. అలా మైకు ముందుకు వచ్చినవాళ్లలో వెంకటపతిరాజు ఉన్నాడు. 28 టెస్టుల్లో 93 వికెట్లు తీసిన ఆలమూరు మనిషి. గుంటూరు వికెట్‌కీపర్, సెలక్షన్ కమిటీకి ఛైర్మన్‌గా చేసిన ఎమ్మెస్కే ప్రసాద్ వచ్చాడు. కల్యాణ్ కృష్ణ, ఆశిష్ రెడ్డి, టి.సుమన్ లాంటివాళ్లు వచ్చారు. వేణు వచ్చాడు. వీళ్లలో చాలామంది దేశవాళీ క్రికెట్‌లో ఏళ్లకేళ్లు గడిపి, భారత జట్టు తలుపు దగ్గరిదాకా వెళ్లినవాళ్లు. కొందరు లోపలికి వెళ్లి త్వరగా బయటికి వచ్చినవాళ్లు. నా మటుకు నాకు కామెంటరీకి అలాంటివాళ్లే సరైనవాళ్లు. ఆట సులువుగా వచ్చిన మహానుభావుడికి అందరూ తనలాగే ఎందుకు కొట్టరో అర్థం కాదు. జట్టులో చోటు కోసం ప్రతి బంతికీ లెక్క చూసుకున్నవాడికి ఆ ఒత్తిడి ఏ పూట ఎలా ఉంటుందో గుర్తుంటుంది. అయిదు వికెట్లు పడ్డాక వచ్చిన కొత్త కుర్రాడు ఎందుకు తడబడుతున్నాడో వేణు చెబితే నేను శ్రద్ధగా వింటాను. ఆ స్థానంలో ఆయన స్వయంగా నిలబడ్డాడు.

మైకు పని బయటికి కనిపించినంత సులువు కాదు. ఒకరు బంతి బంతికీ ఆటను నడిపిస్తూ పోతారు. రెండో కుర్చీలో ఉన్న నిపుణుడు బంతికీ బంతికీ మధ్య దొరికే కాస్త సమయంలో అలా ఎందుకు జరిగిందో చెప్పి, బౌలర్ పరుగు మొదలెట్టేసరికి ఆపేయాలి. చెవిలో ప్రొడ్యూసర్ మాట్లాడుతూనే ఉంటాడు. ప్రాంతీయ భాషల కామెంటరీ చాలావరకు ముంబై స్టూడియోల్లో తెర చూసి చెప్పేది. కెమెరా చూపించిందే కనిపిస్తుంది. థర్డ్ మ్యాన్ లోపలికొచ్చాడా లేదా అన్నది తెర మీద కనిపించకపోవచ్చు. బౌలర్ వేసిన లైన్‌ను బట్టి అక్కడ ఫీల్డర్ ఉండి తీరాలని ఊహించగలగాలి. దానికి ఆడిన బుర్ర కావాలి.

తెలుగులో చెప్పేవాడికి మరో చిక్కు ఉంది. మన వాక్యంలో జరిగిన పని చివర్న వస్తుంది. "బౌలర్ వేసిన షార్ట్ పిచ్ బంతిని బ్యాట్స్‌మన్ మిడ్‌వికెట్ మీదుగా..." అంటూ నడుస్తుండగానే బంతి స్టాండ్స్‌లో పడిపోతుంది. అందుకే పని తెలిసినవాళ్లు వాక్యాన్ని తిరగేస్తారు. "కొట్టాడు! గాల్లోకి... మిడ్‌వికెట్ వెనక్కి పరిగెడుతున్నాడు..." అని తుంచి తుంచి చెబుతారు. వీధి అరుగు మీద కూర్చుని గొడవ చూసి చెప్పే మనిషి మాట అలాగే ఉంటుంది. అది ఎంత సహజంగా వస్తే అంత బాగుంటుంది.

నాకు నచ్చనిదీ చెబుతాను. తెలుగు కామెంటరీలో సినిమా డైలాగులు, ప్రాసలు, ఒకరి మీద ఒకరు విసురుకునే జోకులు మితిమీరుతున్నాయి. పిల్లలు వాటికి నవ్వుతారు, నిజమే. కానీ మంచి యార్కర్ పడిన వెంటనే జోకు వేస్తే ఆ యార్కర్ ఎలా పడిందో చెప్పే అవకాశం పోతుంది. మా వీధుల్లో క్రికెట్ నేర్చుకునే పిల్లలకు ఆ టీవీయే కోచ్. అకాడమీ ఫీజు కట్టలేని ఇంట్లో వాడు వేళ్లు సీమ్ మీద ఎలా పెట్టాలో నేర్చుకునేది అక్కడే, తన భాషలోనే. ఆ పిల్లాడి కోసమే నేను ఇంత గట్టిగా అంటున్నాను.

2024 అక్టోబర్‌లో వేణు మరో మలుపు తిరిగాడు. ఢిల్లీ క్యాపిటల్స్ ఆయన్ను డైరెక్టర్ ఆఫ్ క్రికెట్‌గా తీసుకుంది. వేలంలో ఎవర్ని కొనాలి, ఏ కుర్రాడి మీద నమ్మకం పెట్టాలి అన్న నిర్ణయాల కుర్చీ అది. ఆ జట్టు 2025లో తొలి రెండు సొంత మ్యాచ్‌లనూ విశాఖలోనే ఆడింది. జట్టు మెంటార్‌గా వచ్చింది ఎవరో కాదు, కెవిన్ పీటర్సన్. గుర్గావ్‌లో ఎదురుబొదురుగా నిలిచిన ఇద్దరు, ఇరవై ఏళ్ల మైకు కబుర్లు, ఆట అనుభవం వెంటబెట్టుకుని ఒకే డగౌట్‌లో కూర్చున్నారు.

మార్చి 24న లక్నోతో మ్యాచ్‌కు నేను వెళ్లాను. మా ఊరి నుంచి తగరపువలస, ఆనందపురం దాటితే మధురవాడ స్టేడియం ఎంతో దూరం కాదు. లక్నో 209 కొట్టింది. ఢిల్లీ ఏడు పరుగులకే మూడు వికెట్లు, 65కు ఐదు పోగొట్టుకుంది. చుట్టుపక్కల జనం లేచి వెళ్లిపోవడం మొదలెట్టారు. అశుతోష్ శర్మ 31 బంతుల్లో 66 కొట్టి, చివరి వికెట్‌తో, మూడు బంతులుండగా సిక్స్‌తో ముగించాడు. ఆ గోలలో నా ముందు వరుసలో ఒకాయన పక్కవాడికి బౌలర్ ఎక్కడ వేశాడో, అశుతోష్ ముందే కాలు ఎలా తీసి చోటు చేసుకున్నాడో గడగడా చెబుతున్నాడు. నేను ఆట వదిలేసి ఆయన మాటలే విన్నాను. ఆయన ఏ ఊళ్లో ఏ జట్టుకు ఆడాడో తెలియదు గాని, ఆడినవాడని మాత్రం తెలిసిపోయింది. ఆ సీజన్లో ఢిల్లీ తొలి నాలుగు మ్యాచ్‌లూ గెలిచి, చివరికి ఐదో స్థానంలో ఆగిపోయింది. ప్లేఆఫ్ దక్కలేదు.

క్రికెట్‌కు తెలుగులో ఇంతమంది గొంతులున్నాయి. నా కబడ్డీకి అన్ని లేవు. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచి తెలుగు టైటాన్స్ మ్యాచ్‌లు విశాఖకు వస్తూ పోతూ ఉన్నాయి. రైడర్ల పేర్లు పిల్లలకు కంఠస్థం. పట్టేవాళ్ల సంగతి చెప్పేవాళ్లే తక్కువ. లెఫ్ట్ కార్నర్ ఎందుకు రెండు సెకన్లు ఆగాడు, కవర్‌లో ఉన్నవాడు డాష్ చేయడానికి రైట్ కార్నర్ ఏ సైగ ఇచ్చాడు, చైన్ పట్టుకున్న చేతుల్లో ఏది ముందు వదలాలి? ఇవి చెప్పగలిగినవాళ్లు శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ప్రతి మండలంలో ఉన్నారు. మోకాళ్లు పాడై, ఆట మానేసి, ఆర్టీసీలోనో రైల్వేలోనో పోలీసుశాఖలోనో పనిచేసుకుంటూ ఉన్నారు. వాళ్లను మైకు దగ్గరికి పిలవాలి. అమెరికావాళ్లు తమ ఆటగాళ్లకు పెట్టిన లాంటి శిబిరాన్ని మన జిల్లా సంఘాలు వేసవి సెలవుల్లో పెట్టినా చాలు. దానికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. పాత మ్యాచ్ వీడియో, ఒక మైకు, తప్పు చెప్పినప్పుడు ఆపి సరిదిద్దే పాత ఆటగాడు ఉంటే సరిపోతుంది.

రిటైరయ్యాక కూడా నేను సాయంత్రాలు స్కూల్ మైదానానికి వెళ్తున్నాను. అక్కడ తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. రైట్ కార్నర్, మంచి యాంకిల్ హోల్డ్. మోకాలి దెబ్బ తగిలి డాక్టర్ ఈ ఏడాది ఆడొద్దన్నాడు. గట్టు మీద కూర్చుని దిగులుపడుతుంటే చేతికి మైకు ఇచ్చి చెప్పమన్నాను. మొదట్లో "పట్టేసింది... పట్టేసింది..." అని తప్ప నోరు పెగల్లేదు. ఆటలో కార్నర్‌గా తను చూసేదే పైకి చెప్పమన్నాను. ఇప్పుడు రైడర్ గీత దాటగానే, "ఎడం కాలి మీద బరువు పెట్టింది, కుడి కాలు చాపబోతంది, కార్నరూ కాసుకో" అంటోంది. రైడర్లు వచ్చి నాతో గొడవ. "మాస్టారూ, అది ముందే చెప్పేస్తంది, మాకు పాయింట్లు ఎలాగొస్తాయండీ?"

వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. కాబట్టి ప్రాక్టీస్‌లో మైకు ఆపేసి, పోటీల్లోనే ఇస్తున్నాం. వచ్చే సంక్రాంతికి మా ఊళ్లో జరిగే మండల కబడ్డీ పోటీలకు కామెంటరీ రెండు కుర్చీల్లో నడుస్తుంది. పాయింట్లు చెప్పే కుర్చీ నాది. ఎందుకలా జరిగిందో చెప్పే కుర్చీ ఆ అమ్మాయిది.